వాడకముందు

ముందురోజు సాయంత్రం టీవీలో ఏం వచ్చిందో తెలుసుకోవడానికి పార్లర్ అక్కకు టీవీ పెట్టుకోవలసిన పనే లేదు. మర్నాడు తన కుర్చీలో కూర్చున్న మొదటి ఆడపిల్ల నోరు విప్పితే చాలు. సీరియల్లో కథానాయిక నుదుటి మీదికి జుట్టు కత్తిరించుకుని వస్తే, వారం తిరక్కుండా ఆ వీధిలో సగంమంది ఆడపిల్లలకు కనుబొమలు కనిపించకుండా పోయాయి. పాటల పోటీలో గెలిచిన పిల్ల చెవి పక్కన ఎర్రపాయ వేసుకుంటే, పదో తరగతి మొత్తం ఎర్రపాయలతో బడికి వెళ్లి, హెడ్‌మాస్టర్ చేత చీవాట్లు తిని, ముక్కు చీదుకుంటూ నల్లరంగు కోసం మళ్లీ అక్క దగ్గరికే వచ్చింది. రెండుసార్లూ బేరం తనదే కాబట్టి అక్క టీవీని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు.

ఇప్పుడు రెండేళ్లుగా స్ట్రెయిట్ జుట్టు కాలం నడుస్తోంది. గోడకు అంటించినట్టు నిలువుగా ఉండాలి, తల తిప్పితే పరదాలా జారాలి. ఈ విషయంలో అక్కకు ఒక నియమం ఉంది. పదహారు నిండనివాళ్ల తలకు జుట్టు నిలువుగా చేసే మందు పెట్టదు. కాళ్లావేళ్లా పడినా సరే, వేడి ఐరన్‌తో సాపు చేసి పంపుతుంది. తలస్నానం చేస్తే ఎక్కడిది అక్కడికి వచ్చేస్తుంది.

అలాంటి అక్క కడుపున చిట్టి పుట్టింది. పదిహేనేళ్ల పిల్ల. తల నిండా ఉంగరాల జుట్టు, అదీ మామూలు ఉంగరాలు కాదు. ఇప్పటికి రెండు దువ్వెనలు ఆ జుట్టులో విరిగాయి. బళ్లో పిల్లలు 'నూడుల్స్' అని పేరు పెట్టారు. మొదటిరోజు ఏడుస్తూ ఇంటికి వచ్చింది. రెండోరోజు బ్యాగు మీద తానే పెద్ద అక్షరాలతో ఆ పేరు రాసుకుని వెళ్లింది. ఆ తర్వాత ఏడిపించడంలో మజా పోయి అందరూ స్నేహితులైపోయారు. తల్లి మాత్రం రోజూ పొద్దున జడ వేసేటప్పుడు, "ఆ గంపని ఓసారి ఇలా తే" అని పిలిచేది. ముద్దుగానే పిలుస్తున్నాననుకునేది.

మరో సంగతి. వీధిలో అందరూ మెచ్చుకునే అక్క నిలువు జుట్టు కూడా దేవుడిచ్చింది కాదు. ఆమె తలకు మందు పడదు, దద్దుర్లు వస్తాయి. అందుకని పద్దెనిమిదేళ్లుగా రోజూ తెల్లవారకముందే లేచి, తలుపు వేసుకుని ఐరన్ పట్టిస్తుంది. ఈ సంగతి తెలిసింది ముగ్గురికే. ఆమెకు, చిట్టికి, ఐరన్‌కు.

ఇలా ఉండగా ఎదురుగా అద్దాల పార్లర్ ఒకటి వెలిసింది. ఏసీ, సోఫాలు, కాఫీ. అక్క దగ్గరికి వచ్చే పిల్లల్లో సగంమంది రోడ్డు దాటేశారు. కుర్చీలు ఖాళీగా ఉంటే అక్క అద్దాలే తుడుస్తూ గడిపేది. సరిగ్గా అప్పుడే ఒక షాంపూ కంపెనీ తరఫున ప్రకటన తీసేవాళ్లు వచ్చి, పాత పార్లర్ వాతావరణం కావాలన్నారు. షాపు నచ్చింది. బోర్డు తెర మీద కనిపిస్తుందన్నారు. బడినుంచి అప్పుడే వచ్చిన చిట్టిని చూసి వాళ్లలో వాళ్లు ఏదో గుసగుసలాడుకుని, నాలుగు ఫొటోలు తీసుకున్నారు.

"మీ పాపని కూడా తీసుకుంటాం మేడమ్. ఎల్లుండి ఉన్నదున్నట్టు కూర్చోబెట్టండి చాలు," అన్నాడు డైరెక్టర్.

అక్క కాళ్లు నేల మీద నిలవలేదు. తన బోర్డు, తన కూతురు, రెండూ ఒక్కసారే టీవీలో! అద్దాల పార్లర్ ఆవిడ ముఖం ఎలా మాడుతుందో ఊహించుకుని ఒంటరిగానే నవ్వుకుంది. 'ఉన్నదున్నట్టు' అంటే పౌడరూ లిప్‌స్టిక్కూ వద్దని అర్థం చేసుకుంది. పార్లర్ నడిపేవాళ్లకు వేరే అర్థం ఎలా తోస్తుంది? కెమెరా ముందుకు జుట్టును దాని మానాన వదిలేసి ఎవరైనా పంపుతారా? మర్నాడు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా, నాలుగు గంటలు నిలబడి, చిట్టి జుట్టును పాయ పాయ తీసి సాపు చేసింది. చిట్టి మెడ నొక్కుకుంటూ, "అమ్మా, ఇది నేనేనా?" అని అద్దంలోకి వింతగా చూసింది.

"నువ్వేనే. మహారాణిలా ఉన్నావు," అంది అక్క.

మర్నాడు లైట్లు, వైర్లు, గొడుగులు దిగాయి. చిట్టి క్లాసు పిల్లలు డజనుమంది గాజు తలుపుకు ముక్కులు ఆనించి నిలబడ్డారు. డైరెక్టర్ లోపలికి వచ్చి చిట్టిని చూసి నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మేడమ్! ఏం చేశారు? మాకు కావలసింది ఆ జుట్టే కదా!"

"అదేంటి సార్? ఎంత బాగా వచ్చిందో చూడండి."

"బాగుండకూడదు మేడమ్! పాప 'వాడకముందు'. 'వాడిన తర్వాత' అమ్మాయి వేరే ఉంది, వ్యాన్‌లో కూర్చుంది."

అక్కకు తల కొట్టేసినట్టయింది. తలుపు అవతల పిల్లలు విన్నారేమోనని అటు చూసింది. విన్నారు. చిట్టే లేచి, తల కడిగే బేసిన్ దగ్గరికి వెళ్లి కుళాయి తిప్పింది. రెండు నిమిషాల్లో నాలుగు గంటల పని నీళ్లలో కొట్టుకుపోయింది. తల విదిలిస్తే ఉంగరాలన్నీ ఎక్కడివి అక్కడ కూర్చున్నాయి. తలుపు అవతల, "హే నూడుల్స్!" అని కేకలు లేచాయి.

"సూపర్! ఇదే కావాలి," అన్నాడు డైరెక్టర్. "ఇప్పుడు అద్దంలో చూసుకుని బాధపడాలి పాపా. నీ జుట్టు అంటే నీకు అసహ్యం. సరేనా?"

చిట్టి అద్దంలోకి చూసింది. ఉంగరాల మధ్య తన ముఖాన్ని చూడగానే, దారితప్పిన చుట్టం ఇంటికొచ్చినట్టు నవ్వు వచ్చేసింది. రెండోసారి తీశారు, నవ్వింది. ఐదోసారి పెదవి కొరుక్కుంది గానీ కళ్లు నవ్వాయి. పాపం, ఆ పిల్ల మొండికేయలేదు. ఎంత ప్రయత్నించినా ఆ బాధ రాలేదు, అంతే. డైరెక్టర్ వాచీ చూసుకుని అక్క వైపు తిరిగాడు.

"మేడమ్, మీరు అమ్మ కదా. పాప మనసు నొచ్చుకునేలా జుట్టు మీద ఒక్క మాట అనండి. కళ్లలో నీళ్లు తిరిగితే చాలు, తీసేసుకుంటాం. లేదంటే ఎదురు షాపుకి మారిపోవాల్సి వస్తుంది."

అక్క నోరు తెరిచింది. వెతుక్కోవలసిన పని లేకుండా మాట నాలుక చివరకు వచ్చి కూర్చుంది. గంప. రోజూ పొద్దున్నే అనే మాట. అద్దంలో చిట్టి ఆమె నోటివైపే చూస్తోంది, ఈసారి నవ్వకుండా. అప్పుడు తెలిసింది అక్కకు, ఆ మాట వచ్చే ముందు కూతురి ముఖం ఎలా ఉంటుందో. ఇన్నేళ్లూ జడ వేస్తూ ఆ పిల్ల వెనకే నిలబడింది, అద్దంలోకి చూడనేలేదు.

"త్వరగా మేడమ్," అన్నాడు డైరెక్టర్. "అయినా ఇదెవరి పోలిక? మీ ఆయనదా?"

అక్క బేసిన్ దగ్గరికి నడిచి, పిన్నులు ఒక్కొక్కటే తీసి ఏప్రన్ జేబులో వేసుకుని, కుళాయి కింద తల వంచింది. పద్దెనిమిదేళ్ల రహస్యం గలగలా జారిపోయింది. తల ఎత్తి, తువ్వాలు కూడా అందుకోకుండా, కూతురి పక్కన వచ్చి నిలబడింది. చుక్కలు కారుతూ ఒక్కో పాయ చుట్టుకుని పైకి లేస్తుంటే, లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా నోరు వెళ్లబెట్టి చూశారు.

"నా పోలిక సార్," అంది. "ఇదిగో, మీకు 'వాడకముందు' ఇద్దరు దొరికారు. ఏడిపించండి చూద్దాం."

చిట్టి పకపకా నవ్వింది. తలుపు అవతల పిల్లలు చప్పట్లు కొట్టారు. అద్దంలో రెండు తలలు పక్కపక్కనే చూసుకునేసరికి అక్క ఛాతీ ఉబ్బిపోయింది. ఇంత అందమైన దాన్ని కన్నానా అనుకుంది. ఇంత అందమైన దాన్ని ఇన్నాళ్లూ దాచుకున్నానా అని కూడా అనుకుంది.

లైట్లు, వైర్లు, గొడుగులు రోడ్డు దాటి అద్దాల పార్లర్‌లోకి వెళ్లిపోయాయి. బోర్డు టీవీకెక్కలేదు. బాధ లేదంటే అబద్ధం. రెండ్రోజులు అక్కకు అన్నం సయించలేదు.

నెల తర్వాత ఆ ప్రకటన వచ్చింది. ఎవరో అమ్మాయి ఉంగరాల జుట్టుతో వెక్కివెక్కి ఏడుస్తోంది. అక్క టీవీ దగ్గరికంటా వెళ్లి, నుదుటి అంచు పరీక్షగా చూసి, సోఫాలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది.

"విగ్గే! చిట్టీ, దానికి విగ్గు పెట్టారే! మన జుట్టు కోసం విగ్గు చేయించుకున్నారు!"

మర్నాడు పొద్దున మొదట వచ్చింది చిట్టి క్లాసు పిల్లే. ఆరోజు తలుపుకు ముక్కు ఆనించినవాళ్లలో ఒకతె. ప్రతినెలా ఐరన్ పట్టించుకుని వెళ్లే పిల్ల. కుర్చీలో సర్దుకుని కూర్చుంది. అక్క ఉంగరాల జుట్టును ముడేసుకుంటూ, నిన్న టీవీలో ఏం చూసొచ్చిందో అనుకుంటూ వెనక నిలబడి, అలవాటు మార్చుకుని అద్దంలోకి చూసింది.

"అక్కా," అంది ఆ పిల్ల సిగ్గుపడుతూ, "మన నూడుల్స్ జుట్టులాంటిది నాకు చేస్తారా?"

"అలాంటిది చెయ్యడం నాకు రాదే అమ్మా," అంది అక్క దువ్వెన అందుకుంటూ. "కనడమే వచ్చు."