విల్లు మీద పడిన నింద

మొక్‌పో రేవుపట్నం చేపల బజారులో ఎండుచేపలు అమ్మే మాల్‌సున్‌కు పదహారేళ్ల కూతురు హారిమ్. స్కూలు విలువిద్య జట్టులో గురి అంటే హారిమ్‌దే. అలాంటిది ఈ వసంతంలో విల్లు ఎక్కుపెడితే చాలు, మెడ నుంచి భుజం దాకా లాగేసేది. బొటనవేలి మొదట్లో సూదులు గుచ్చినట్టుండేది. పోటీలో బాణం వదలకుండానే విల్లు దించేసింది.

"ఆ విల్లే నీ కొంప ముంచింది. ఇక మానెయ్," అంది తల్లి.

హారిమ్ ఫోను అందుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు కోచ్ గిల్‌జా దుకాణానికి వచ్చి, నడుం వంచి నిలబడింది. "హారిమ్ అమ్మగారూ, తప్పు నాదే. పిల్లచేత శక్తికి మించి సాధన చేయించాను. క్షమించండి."

తల నెరిసిన మనిషి తన మూలంగా అలా వంగి ఉంటే హారిమ్ చూడలేకపోయింది.

"వద్దు మేడమ్. విల్లు వల్ల కాదు... ఫోను వల్ల."

"ఏం ఫోనే?" అంది తల్లి.

"నా నేస్తం నారే వాళ్లు ఊరు మారి ఉల్సాన్ వెళ్లిపోయినప్పటి నుంచీ రోజూ మెసేజులే. బడి నుంచి రాగానే పక్కమీద వాలి, మెడ వంచుకుని, ఒక్క బొటనవేలితో... నొప్పి అక్కడే మొదలైంది. చెబితే ఫోను లాగేసుకుంటావని..."

తిట్టబోయిన మాల్‌సున్ ఆగింది. "ఆ పిల్లకోసం అంత బెంగ పెట్టుకున్నావని నాకు చెప్పొచ్చుగా?"

"నువ్వెప్పుడూ బేరాల్లోనే ఉంటావుగా."

మాల్‌సున్ కూతుర్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది.

కండరాలు బిగుసుకుపోయాయన్నాడు డాక్టరు. విల్లుకు కొన్నాళ్లు సెలవిమ్మని, ఫోను తగ్గించమని చెప్పి, మెడకు వ్యాయామాలు నేర్పాడు. తల్లి ఫోను లాక్కోలేదు. "మాట్లాడుకో. కానీ నోటితో మాట్లాడు, నడుస్తూ మాట్లాడు," అంది.

సాయంత్రం సముద్రపు గట్టు మీద నడుస్తూ, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని హారిమ్ ఫోన్ చేసింది.

"ఏంటే ఆ రొప్పడం? కుక్కేమైనా తరుముతోందా?" అంది నారే.

"నీ గొంతు ఇంత బొంగురని మర్చేపోయానే!"

పడీపడీ నవ్వుకున్నారు. అయితే నారేకి అక్కడ కొత్త స్నేహాలు కలిశాయి. కొన్ని సాయంత్రాలు ఫోను ఎత్తేది కాదు. అది హారిమ్‌కు మెడనొప్పి కన్నా ఎక్కువే బాధించింది. అలాంటి ఒక సాయంత్రం మాల్‌సున్ దుకాణం త్వరగా కట్టేసి, చేపల వాసన చేతులతోనే వచ్చి కూతురి పక్కన నడిచింది.

ఆకులు పండే రోజుల్లో హారిమ్ మళ్లీ మైదానంలో నిలబడింది. చేతిలో చిన్నపిల్లల తేలిక విల్లు. బాణం గురికి ఎక్కడో దూరంగా పోయింది. భుజం మాత్రం లాగలేదు.

"ఇంకొకటి వెయ్," అంది కోచ్.