గుర్తు కింద రెండు మాటలు

మా లెసోతో కొండల్లో కమ్యూనిస్టు పార్టీ అంటే పిడికెడు మంది. మా ఊళ్ళో పద్నాలుగు మంది, అందులో ఇద్దరు మొగుడూ పెళ్ళాం. లెబెకో జోహన్నెస్‌బర్గ్ గనుల్లో ఊపిరితిత్తులు పోగొట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్ళ వయసులో అక్కడి పార్టీ బడిలోనే అక్షరాలు దిద్దాడు. ఇంటికొచ్చి భార్య మాథుసోకీ నేర్పాడు. ఆ బడిలో ఒక అలవాటుండేది. ఏ కాగితం మీద కలం పెట్టినా కింద "కార్మికులకు జయం" అని రాయాలి. వీళ్ళు ఆసుపత్రి చీటీని కూడా వదిలేవాళ్ళు కాదు. నేను అధికార పార్టీ వాణ్ణి, వాళ్ళను ఏడిపించని రోజు లేదు.

ఇరవై రెండేళ్ళుగా కౌన్సిల్ సీటుకు నిలబడి ఓడిపోతున్నాడు లెబెకో. ఈసారి గాలి మారింది. ఆ పద్నాలుగు మందీ జిల్లా ఆఫీసు ముందు నలభై రోజులు కూర్చుంటేనే మా ఊరికి కొళాయి వచ్చింది మరి. ఆ నీళ్ళు మా ఇంట్లోనూ తాగుతున్నాం.

మా ఊరి బడిలో ఎన్నికల ఆఫీసరమ్మ ఓట్లు లెక్కపెట్టింది. వాళ్ళ ఏజెంటు మాథుసో, మా ఏజెంటు నేను. లెబెకోకి ఎనభై ఎనిమిది, మాకు ఎనభై ఏడు.

లెక్క కాగితం మీద సంతకం పెట్టేముందు మాథుసో తమ ఓట్ల కట్టను మళ్ళీ తిరగేసింది.

"ఆఫీసరమ్మా, ఇది చెల్లదు. గుర్తు తప్ప ఇంకేం రాయకూడదన్నారుగా. కింద రాసుంది చూడండి."

"ఎవరిది చెల్లెమ్మా?" అన్నాను.

"ఇంకెవరిది, మా ఆయనది. ఆ అక్షరాలు చూడు, గొడ్డలితో నరికినట్టు!"

ఆఫీసరమ్మ ఆ ఓటు పక్కన పెట్టింది. "ఇద్దరికీ సమానం. చీటీలు వేద్దాం."

"ఆగండమ్మా." మాథుసో ఇంకో ఓటు తీసింది. "ఇదీ చెల్లదు."

"ఇదెవరిది?"

"నాది."

నాకు ఒళ్ళు మండింది. "మతిపోయిందా? నేను చూడలేదు, ఆఫీసరమ్మా చూడలేదు!"

"నేను చూశాగా అన్నా. మీవాళ్ళు దొంగ ఓట్లేస్తారని ఇరవై రెండేళ్ళు అరిచాను. రేపు ఏ మొహం పెట్టుకుని అరవను?"

బయట లెబెకో దుప్పటి కప్పుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. "ఎంత?" అన్నాడు.

"ఎనభై ఆరు. ఒక్క ఓటుతో పోయింది. నీదీ నాదీ నేనే కొట్టేయించాను. అలవాటు కొద్దీ రాసేశాం, ఇద్దరమూ."

చాలాసేపు దగ్గాడు. తరవాత తలెత్తి, "తప్పుల్లేకుండా రాశావా?" అన్నాడు.

"రాశాను."

"అయితే సరే, పద."

మావాళ్ళు కేకలేస్తూ వచ్చి నన్ను భుజాల మీదికి ఎత్తుకోబోయారు. వద్దన్నాను. సిగ్గేసింది.