ముందు నడిచేవాడు

సార్జంటు రామానుజానికి కోపం వస్తే కేకలు వేయడు. టోపీ తీసి బల్ల మీద పెట్టి, దాని అంచు బల్ల అంచుతో సమంగా ఉందో లేదో చూస్తాడు. ఆ రోజు కమాండెంట్ దొర గదిలో ఉన్న ఒక్క బల్లా దొరది గనక టోపీ చంకలోనే నలిగిపోయింది.

అది 1966 మే నెల. మారిషస్‌కి స్వాతంత్ర్యం రేపో మాపో వస్తుందని కొందరు, రాకపోతేనే నయమని కొందరు ఊరూరా వాదులాడుకుంటున్న రోజులు. వాక్వా ఊళ్లోని సైనిక బారకాసుల్లో ఉన్న దళంలో ఆఫీసర్లందరూ ఇంగ్లండు నుంచి దిగినవాళ్లే. మనవాళ్లు ఎంత ఒళ్లు వంచినా సార్జంటు దగ్గర ఆగిపోవాల్సిందే. ఇన్నాళ్లకు ఒక దారి కనబడింది. పక్కనున్న రీయూనియన్ దీవిలో పదివేల అడుగుల కొండ ఉంది. నాయకుడితో కలిపి పన్నెండు మందిని పడవెక్కించి తీసుకెళ్లి, పది రోజులు సాహస శిక్షణ ఇప్పిస్తే, ఖర్చులో సగం లండన్‌లోని ఒక నిధి భరిస్తుంది. మిగతా సగం, పద్దెనిమిది వందల రూపాయలు, దళం తానే సంపాదించుకోవాలి. జీతాల్లో కోత పెట్టకూడదు. ఆ శిక్షణ నడిపినవాడి పేరు ఆఫీసరు కోర్సుకి పంపుతానని దొర మాటిచ్చాడు.

ఆ నాయకుడు తానే కావాలని రామానుజం కోరిక. దాచడం దేనికి, పదకొండేళ్లుగా అతను కోరుకున్నది అదొక్కటే. అందుకే పడవ ఛార్జీలు కనుక్కోవడానికి పోర్ట్ లూయిస్ రేవుకి ఆరుసార్లు కిక్కిరిసిన బస్సుల్లో వేలాడుతూ వెళ్లాడు. తాళ్లు ఎన్ని బారలు కావాలో, చలికి మనిషికి ఎన్ని దుప్పట్లు కావాలో అన్నీ రాసిపెట్టాడు. తీరా ఇప్పుడు దొర చల్లగా ఒక మాటన్నాడు.

"పియర్ గారు మొత్తం పద్దెనిమిది వందలూ ఇస్తామన్నారు, సార్జంట్."

పియర్ అంటే ఆ చుట్టుపక్కల పెద్ద చక్కెర ఎస్టేటుకి మేనేజరు. ఊరికే ఇచ్చే రకం కాదు.

"బదులుగా ఏం కావాలట సార్?"

"వాళ్ల మేనల్లుడు మన రిజర్వులో లెఫ్టినెంటు కదా. నాయకుడిగా అతని పేరు రాయాలట. పేరుకే. పనంతా నువ్వే చేస్తావు."

ఆ మేనల్లుడు సముద్రపొడ్డున ఇసుకదిబ్బ ఎక్కినా ఆయాసపడతాడని దళమంతటికీ తెలుసు.

"ముందు నడిచేవాడి పేరే అక్కడుండాలి సార్," అన్నాడు రామానుజం. "నడవనివాడి పేరు రాస్తే అది దొంగ కాగితం."

"మరి డబ్బు?"

"నేను తెస్తాను."

"సెప్టెంబరు ముప్పై లోపల తేవాలి," అన్నాడు దొర, నీవల్ల ఏమవుతుందిలే అన్నట్టు.

ఎలా తేవాలో రామానుజానికి ఆ క్షణాన ఇసుమంతైనా తెలియదు. అది తెలిసింది ఆదివారం సొంతూరు కాంప్ ద మాస్క్‌లో, తండ్రి ఎంకన్న ఇంటి అరుగు మీద. ఎంకన్నకు నాలుగెకరాల చెరకు తోట ఉంది, ఊళ్లో భజన నడిపించేదీ ఆయనే. ఆ పూట భజన మీద కంటే కూలీల మీదే ధ్యాస.

"కోసే మనుషులందరినీ పెద్ద ఎస్టేటు ఎగరేసుకుపోయింది, బాబూ. టన్నుకి నాలుగు రూపాయలిస్తానన్నా ఒక్కడు రాడు. నాదే కాదు, ఇక్కడ తి ప్లాంతర్లందరిదీ ఇదే ఏడుపు."

తి ప్లాంతర్లంటే అక్కడ చిన్న రైతులు. రామానుజం వేళ్ల మీద లెక్కేశాడు. పన్నెండు మంది, పద్నాలుగు ఆదివారాలు. సరిపోతుంది!

సోమవారం జవాన్లకు చెప్పేసరికి ఒక్కొక్కడూ ఒంటికాలి మీద లేచాడు. తెలుగువాళ్లూ, భోజ్‌పురీవాళ్లూ చెరకు తప్పించుకోవడానికే ఖాకీ తొడుక్కున్నవాళ్లు. మళ్లీ ఆ కత్తి పట్టుకుని సొంత ఊళ్లో తలెత్తుకునేదెలా అని వాళ్ల బాధ. అందరికంటే గట్టిగా మాట్లాడింది కార్పొరల్ రోజర్. పోర్ట్ లూయిస్ క్రియోల్ కుర్రాడు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల వంశంవాడు, రేవులో బస్తాలు మోసేవాడి కొడుకు.

"మో పా కుప్ కాన్, సెర్జాన్. నేను చెరకు కొయ్యను. మా ముత్తాతలు సంకెళ్లు తెగిన రోజే ఆ తోటలోంచి బయటికొచ్చారు. మళ్లీ మా ఇంట్లో ఎవరూ అందులో కాలు పెట్టలేదు."

రామానుజం టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. అంచు సరిచూసుకున్నాడు.

"ఇది డ్యూటీ కాదు. ఆర్డరూ కాదు. ఆదివారం నేను వెళ్తున్నాను. రావాలనుకున్నవాళ్లు రండి."

జూన్ చివర కోతలు మొదలైన మొదటి ఆదివారం ముగ్గురు వచ్చారు. ఊరివాళ్లు గట్టు మీద నిలబడి, సర్కారువారి కూలీలు దిగారర్రా అని పకపకా నవ్వారు. రెండో ఆదివారానికి ఏడుగురయ్యారు. నాలుగో ఆదివారం పొద్దున్నే బస్సు దిగి రోజర్ వచ్చాడు. ఎందుకొచ్చావని రామానుజం అడగలేదు. అడగకపోయినా అతనే చెప్పాడు. "నేను కొయ్యకుండా ఆ కొండెక్కితే, మీరంతా కోసిన డబ్బుతో ఎక్కినట్టవుతుంది. అది ఇంకా సిగ్గు."

ఎంకన్న అతనికి కత్తి పట్టడం నేర్పాడు. చెరకు మొదలంటా వంగి నరకడం నేర్పాడు. కత్తి జారినా కాలు తెగకుండా మోకాళ్ల కింద గోనెపట్టా చుట్టి కట్టాడు. రోజర్ బుద్ధిగా కట్టించుకున్నాడు.

"నువ్వూ కట్టుకోరా," అన్నాడు ఎంకన్న కొడుకుతో.

"నాకు బూట్లున్నాయి నాయనా."

అదీ సంగతి. కూలి చెయ్యడానికి సిద్ధమే గాని కూలివాడిలా కనబడడానికి సార్జంటుగారు సిద్ధంగా లేరు. అద్దంలా మెరిసే బూట్లతో, మడత నలగని లాగుతో చెరకులోకి దిగేవాడు. ఎంకన్న ప్రతి ఆదివారం ఆ మాట అనేవాడు, కొడుకు ప్రతి ఆదివారం పెడచెవిన పెట్టేవాడు.

సెప్టెంబరు ఇరవై ఐదున ఆఖరి చాళ్లు కోస్తున్నారు. రాత్రి వానకి చెరకు తడిసి ఉంది. ఇంకో రెండు టన్నులు కోస్తే లెక్క పూర్తి. ఆ తొందరలో రామానుజం వేసిన వేటు జారి, బూటు పైన ముంజెయ్యంత మేర కాలు చీల్చేసింది. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది రోజర్. తన కాలి గోనెపట్టా విప్పి గట్టిగా బిగించి కట్టాడు. ఆసుపత్రిలో పద్నాలుగు కుట్లు పడ్డాయి. ఆరు వారాలు కొండ మాట తలపెట్టొద్దన్నాడు డాక్టరు. పడవ రెండు వారాల్లో బయల్దేరుతుంది. రామానుజం గోడవైపు తిరిగి పడుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇక తన బతుకు సార్జంటుగానే తెల్లారుతుందని ఏడ్చాడు.

ఇరవై తొమ్మిదో తారీకున కర్ర ఊతంగా దొర గదిలోకి వెళ్లి పద్దెనిమిది వందల రూపాయలూ బల్ల మీద పెట్టాడు. దొర డబ్బు వైపు చూశాడు, కట్టు వైపు చూశాడు. మనిషి మంచివాడే.

"నువ్వు పడవెక్కు, సార్జంట్. కొండ కింద గుడారంలో కూర్చో. నాయకుడిగా నీ పేరే ఉంటుంది. లండన్‌లో ఎవడడుగుతాడు?"

రామానుజం గుండె ఒక్క ఎగురు ఎగిరింది. "థాంక్యూ సార్," అన్నాడు. కాగితం మీద తన పేరు రాసి, సంతకానికి దొర ముందుకి తోసి, వరండాలోకి వచ్చాడు.

కింద మైదానంలో రోజర్ కుర్రాళ్లకు తాళ్లు కట్టిస్తున్నాడు. ఒక్కొక్కడి నడుం దగ్గరికీ వెళ్లి, ముడి లాగి చూసి, నచ్చకపోతే విప్పించి మళ్లీ కట్టిస్తున్నాడు. వాళ్లు సణుగుతూనే కడుతున్నారు. రామానుజం చాలాసేపు చూశాడు. పియర్ గారి మేనల్లుడు ఎండ తగలకుండా గుడారంలో కూర్చున్నట్టు కళ్లకు కట్టింది. మళ్లీ చూస్తే ఆ గుడారంలో ఉన్నది తానే. ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది.

వెనక్కి తిరిగి లోపలికెళ్లాడు.

"పేరు మార్చాలి సార్."

"ఇలాంటి అవకాశం నీకు మళ్లీ రాదు, రామానుజం." దొర అతన్ని పేరుపెట్టి పిలవడం అదే మొదలు.

"తెలుసు సార్."

తన పేరు కొట్టేసి, పైన రోజర్ పేరు రాశాడు.

ఆ కబురు అతని కంటే ముందే కాంప్ ద మాస్క్ చేరింది. ఆ ఏడాది ఎవడు ఏ జాతివాడన్నదే ఊరూరా లెక్క. భజనలో కూర్చున్న పెద్దమనుషులంతా ముఖాలు ముడుచుకున్నారు.

"నీ పేరు కొట్టేసి క్రియోల్‌వాడి పేరు రాశావటగా?" అన్నాడు ఎంకన్న.

"నాయనా, నీ తోటలో ఆఖరి చాలు ఎవరు కోశారు?"

రామానుజాన్ని ఆసుపత్రికి పంపాక రోజరే వెనక్కెళ్లి, మిగిలిన రెండు టన్నులూ కోసి బండికెత్తించాడని ఇద్దరికీ తెలుసు. ఎంకన్న లోపలికెళ్లి, చలికి పనికొస్తుందంటూ తన ఉన్ని కంబళి తెచ్చి కొడుకు ఒళ్లో పడేశాడు. ఎవరికి ఇవ్వాలో చెప్పలేదు.

అక్టోబరు తొమ్మిదిన పోర్ట్ లూయిస్ రేవులో పదకొండు మంది మూటాముల్లెతో వరసగా నిలబడ్డారు. కర్ర మీద ఆనుకుని రామానుజం పక్కన నిలబడ్డాడు. కంబళి రోజర్ భుజం మీద ఉంది. పడవ కూత వేసింది. పది తలలూ, అలవాటు కొద్దీ, ఒక్కసారిగా రామానుజం వైపే తిరిగాయి. ఆఖరికి రోజర్ కూడా తిరిగాడు.

ఆర్డరు గొంతు దాకా వచ్చింది. పదకొండేళ్లుగా ఇచ్చిన ఆర్డరే. దాన్ని అక్కడే అదిమిపెట్టి, పెదవులు బిగించి, రోజర్ కళ్లలోకే చూస్తూ నిలబడ్డాడు. అతని వైపు తిరిగిన తలలు ఒక్కొక్కటే రోజర్ వైపు మళ్లాయి.

రోజర్ నిటారుగా నిలబడి, రేవంతా వినబడేలా ఆర్డరిచ్చాడు.

దళం కదిలింది. రామానుజం కర్రను ఎడమచేతికి మార్చుకుని, తన కార్పొరల్‌కి మొదటిసారి తానే ముందు సెల్యూట్ కొట్టాడు.