వీపు వెనక ఇనుము

గన్నర్ పీమెన్‌ను విమానంలోంచి దించినప్పుడు అతని చేతులు మెషీన్ గన్ పిడిని ఇంకా వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విప్పింది గ్లఫీరా. ఆ తుపాకిని రోజూ తుడిచి, నూనె పెట్టి, తూటాల పట్టీ ఎక్కించేది ఆమే. ఆ పొద్దున కూడా ఎక్కించింది. ఇప్పుడు పట్టీ ఖాళీగా వేలాడుతోంది.

జర్మన్లు వోల్గా నది వైపు తోసుకొస్తున్న శరత్కాలం అది. దోన్ మైదానంలో ఆ దళానికి మిగిలిన దాడి విమానాలు బహు కొద్ది. వీపు ఎత్తుగా ఉంటుందని వాటిని అందరూ ‘గూనిది’ అనేవారు. పైలట్ చుట్టూ మందపాటి ఉక్కు తొట్టి ఉండేది కనుక కింది నుంచి ఎంత కాల్చినా గూనిది ఇల్లు చేరేది. వెనక నుంచి ఫైటర్ విమానాలు వచ్చి పడితే మాత్రం దానికి దిక్కులేదు. అందుకే ముసలి మెకానిక్ సవేలిచ్ పైలట్ వెనక కంత కోసి, తోక వైపుకి మెషీన్ గన్ బిగించి, కూర్చోడానికి ఓ కాన్వాసు పట్టీ కట్టాడు. ఉక్కు తొట్టి పైలట్ వీపు దగ్గరే ఆగిపోయింది. వెనక కూర్చునేవాడిని కాసేది చుట్టూ ఉన్న పల్చటి పలకచెక్క ఒక్కటే.

పీమెన్‌ను పాతిపెట్టి వచ్చాక మేజర్ కొరబ్ల్యోవ్ ఆయుధాల సిబ్బందిని వరసలో నిలబెట్టాడు.

“వెనక సీటుకి ఎవరొస్తారు?”

గ్లఫీరా ముందుకొచ్చింది. “నేనొస్తాను.”

“శభాష్. ఎక్కు మరి.”

“ఎక్కుతాను కామ్రేడ్ మేజర్. ముందు ఆ సీటుకి తోక వైపు ఉక్కు రేకు పెట్టించండి. నాకే కాదు, అన్ని విమానాలకీ.”

వరసలో ఎవరో దగ్గి ఆపుకున్నారు. మేజర్ ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“రేకు బరువుకి ఒక బాంబు తగ్గుతుంది. నీ ఒంటి కోసం జర్మన్ల మీద బాంబు తగ్గించమంటావా?”

పక్కనే ఉన్న పైలట్ అర్సేనీ ఊరుకోలేకపోయాడు. పీమెన్‌ను వెనక కూర్చోబెట్టుకుని వెళ్లింది అతనే. “ఆ బాంబు మర్నాడు పట్టుకెళ్తాను కామ్రేడ్ మేజర్. చచ్చిన గన్నర్ని మర్నాడు పట్టుకెళ్లలేను కదా.”

“నిన్నెవరూ అడగలేదు!” మేజర్ మళ్లీ ఆమె వైపు తిరిగాడు. “భయమేస్తోందని చెప్పరాదూ? ఇంటికి పంపిస్తాను, క్యాబేజీ తరుక్కుంటూ కూర్చుందువుగాని.”

“భయమే. లేదని నేనన్నానా? భయంతోనే ఎక్కుతాను. ఉత్త పలకచెక్క నమ్ముకుని మాత్రం ఎక్కను.”

“సైనిక కోర్టు అనేది ఒకటుంది, తెలుసా?”

“తెలుసు.” ఆమె అక్కడితో ఆగలేదు. “మీరు ఒక్కసారి ఆ కాన్వాసు పట్టీ మీద కూర్చుని వెళ్లిరండి. వచ్చాక రేకు అక్కర్లేదని మీరంటే, నేనిక నోరెత్తను. ఒంటి మీద చొక్కాతోనే వెళ్తాను.”

మేజర్ మెడ దాకా ఎర్రబడ్డాడు. కొట్టేస్తాడేమో అనుకున్నారంతా. ఆయన టోపీ తీసి సవేలిచ్ చేతిలో పెట్టాడు.

“హెల్మెట్ ఇవ్వండి నాకు.”

తుపాకి ఎక్కడ ఇరుక్కుంటుందో గ్లఫీరా చూపించబోయింది. “తూటాల పట్టీ ఎడమకి మెలిపడుతుంది. గట్టిగా కుడికి లాగాలి.”

“నాకు నేర్పుతున్నావా పిల్లా?”

“నేర్పక? తిరిగి రావాలిగా మీరు.”

మేజర్‌ను వెనక ఎక్కించుకుని అర్సేనీ విమానం లేచి, మిగతావాటితో కలిసి పడమటికి వెళ్లిపోయింది. గ్లఫీరా ఖాళీ బాంబు పెట్టె మీద కూలబడింది. మేజర్ చెడ్డవాడేం కాదు. దళం వెనక్కి నడిచిన వేసవిలో తన వాహనం గాయపడ్డవాళ్లకి ఇచ్చేసి దుమ్ములో నడిచినవాడు. ఇప్పుడాయన ఆ కంతలో కూర్చుని పోయాడు, ఆమె అన్న మాట పట్టుకుని.

“ఆయనకేమన్నా అయితే నిన్ను గోడకి నిలబెట్టి కాల్చేస్తారే, పిచ్చిమొహమా,” అన్నాడు సవేలిచ్, చుట్టిన పొగాకు నోట్లో నములుతూ.

“కాల్చనీ తాతా. పీమెన్‌కి అయినప్పుడు ఎవర్ని నిలబెట్టారు?”

ఆ కంత కోసింది తనేనని ముసలాయనకి గుర్తుంది. కాసేపయ్యాక లేచి, మైదానం చివర పడున్న విరిగిన విమానాల వైపు నడిచాడు. వాటి ఉక్కు తొట్లను చేత్తో తట్టి చూస్తూ తిరిగాడు.

మధ్యాహ్నం వండిన కాషా జావ చల్లారిపోయాక విమానాలు కనిపించాయి. అర్సేనీది అన్నిటికన్నా వెనక వస్తోంది, తోక సగం చిరిగిపోయి. నేలకు తగిలి, గెంతి, పక్కకి ఒరిగి ఆగింది. గ్లఫీరా పరుగెత్తింది.

మేజర్ తనంతట తనే దిగాడు. చొక్కా చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా చీలిపోయింది. కింద చర్మం గీసుకుపోయిందంతే. ఆయన చక్రం పక్కన కూర్చుని సిగరెట్ తీశాడు. గ్లఫీరా ముట్టించి ఇచ్చింది.

“తూటా దూసుకొస్తే పలకచెక్క ఎలా చప్పుడు చేస్తుందో తెలుసా నీకు?”

“తెలీదు కామ్రేడ్ మేజర్.”

“తెలియక్కర్లేదు.” రెండు దమ్ములు లాగాడు. తర్వాత మైదానం అంతా వినబడేలా అరిచాడు, “సవేలిచ్! ఎక్కడ చచ్చావ్? ఆ తుక్కులోంచి ఉక్కు కోసుకురా! రేకు లేకుండా ఏ గన్నరూ నేల వదలడు!” గ్లఫీరా నవ్వబోయింది. ఆయన వేలు చూపించాడు. “నీకు మూడ్రోజులు గార్డు గదిలో ఖైదు. పై అధికారితో పెంకితనానికి.”

“చిత్తం. ముందు రేకా, శిక్షా?”

“ముందు రేకు!”

గ్యాస్ మంటతో ఉక్కు కోసేసరికి సవేలిచ్ కనుబొమలు కమిలిపోయాయి. అంచులు వంకర, బోల్టులు ఎక్కడెక్కడివో ఏరినవి. ఎవరూ పట్టించుకోలేదు. రెండో రోజు గ్లఫీరా ఎక్కింది.

నది దాటగానే ఒక ఫైటర్ వాళ్ల వెనక చేరింది. దాని ముక్కు మీద పసుపు రంగు కనిపించేంత దగ్గరికి వచ్చింది. గ్లఫీరా కాల్చింది, పట్టీ మెలిపడితే తిట్టుకుంటూ లాగింది, మళ్లీ కాల్చింది. మోకాళ్ల ముందు, తుపాకి కింద, సమ్మెటతో మోదినట్టు రేకు మోగింది. ఊపిరి ఆగిపోయింది గాని బతికే ఉంది. “రా ఇంకా! రా దగ్గరికి!” అని గొంతు చిరిగేలా అరిచి, మిగిలిన తూటాలన్నీ దాని ఇంజన్ మీద గుమ్మరించింది. సన్నటి నల్లపొగ వదులుతూ అది పక్కకి తిరిగి వెళ్లిపోయింది. పడిందో లేదో ఆమెకు తెలియదు. వెళ్లిపోయింది, అంతే చాలు.

దిగాక రేకు మీద రెండు లోతైన సొట్టలు కనిపించాయి. అర్సేనీ వాటిలో వేలు పెట్టి చూసి, ఆమె భుజం గట్టిగా పట్టుకుని వదిలాడు.

గ్లఫీరా తిన్నగా గార్డు గదికి వెళ్లింది. అది ఎవరో రైతు బంగాళాదుంపలు దాచుకున్న నేలమాళిగ. తడి మట్టి వాసన. గడ్డి మీద పడి ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. మర్నాడు మేజర్ తలుపు తెరిచి మెట్ల మీద నిలబడ్డాడు.

“బుద్ధి వచ్చిందా?”

ఆమె లేచి, జుట్టులోని గడ్డి దులుపుకుని, నిటారుగా నిలబడింది.

“రాలేదు కామ్రేడ్ మేజర్. ఆ కాన్వాసు పట్టీ గురించి కూడా మాట్లాడాలి. దాని మీద కూర్చుని తుపాకి తిప్పడం మనిషన్నవాడి వల్ల కాదు.”

“నాకు తెలుసు,” అన్నాడు మేజర్, తన నడుము రుద్దుకుంటూ. తలుపు వేయకుండానే వెళ్లి సవేలిచ్‌ను పిలిచాడు.