కుట్టుపెట్టెలో కార్డు

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ మాత్రం కీడెంచే దగ్గరే ఆగిపోయేది. కూతురు తుమ్మితే జ్వరమనీ, ఫోన్ ఎత్తకపోతే ఏ బస్సు కిందో పడిందనీ అనుకునేది. బట్టలుతికే దుకాణం వెనకగదిలో చిరుగులు కుట్టడం ఆవిడ పని. చేతులు సూదికి అప్పగించాక ఇక ఆలోచనకు అడ్డేముంది?

కూతుర్ని ఇంటా బయటా పిచ్చుక అనే పిలుస్తారు. ఊరికి ఆ చివర కళ్లజోళ్ల దుకాణంలో ఉద్యోగం, ఆ పక్క వీధిలోనే గది. కొత్తలో క్రెడిట్ కార్డు చేతికొచ్చేసరికి కనబడ్డదల్లా కొనేసి, బిల్లు చూసి బెదిరి, కార్డు తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

"నీ దగ్గరే ఉంచమ్మా. నేనడిగినా ఊరికే ఇవ్వకు."

ఆవిడ దాన్ని గుడ్డముక్కలో చుట్టి కుట్టుపెట్టెలో, దారపు ఉండల అడుగున దాచింది. జీతం అద్దెకూ పాత బిల్లుకూ సరి. అప్పట్నించీ పిచ్చుకకు ఏం కొనాలన్నా ముందు ఇంటికి రావాల్సిందే.

"కొత్త చెప్పులెందుకే? కాళ్లకున్నవేంటి?"

"అరిగిపోయాయమ్మా."

"ఏదీ, చూపించు."

అలా మొదలైన వాదన తిండి మీదికీ, నిద్ర మీదికీ, చిక్కిపోయిన చెంపల మీదికీ పాకేది. వాదించి వాదించి పిల్ల తల్లి మంచం మీదే నిద్రపోయేది. ఒక్కోసారి వచ్చిన పనే మరిచి, కార్డు తీసుకోకుండా వెళ్లిపోయేది. తీసుకెళ్తే, తిరిగివ్వడానికి మళ్లీ రావాలి. ఎటైనా ఆవిడకు లాభమే. ఈ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు, తనలో తను కూడా.

ఈమధ్య పిచ్చుక రావడం మానేసింది. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానమ్మా, పనుంది" అంటుంది, అంతే. కార్డు ఇక్కడుంటే అక్కడ పిల్లకెలా గడుస్తోంది? అడగడానికి మొహమాటపడి పస్తులుంటోందా? ఎవరి ముందైనా చెయ్యి చాస్తోందా?

"పిల్ల రావట్లేదంటే సుఖంగా ఉన్నట్టే వదినా," అన్నాడు పక్కబల్ల దగ్గరి ఇస్త్రీ అతను. "కష్టమొస్తేనే కదా అమ్మ గుర్తొచ్చేది."

"నీ నోటికో ఇస్త్రీ పెట్టాలి," అంది ఆవిడ. అతని మాట మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది.

తన సెలవు రోజున కార్డును గుడ్డతో సహా చేతిసంచి అడుగున పెట్టుకుని బస్సెక్కింది. కళ్లజోళ్ల దుకాణం అద్దంలోంచి ముందు కనబడినవి పిచ్చుక కాళ్లు. కాళ్లకు కొత్త బూట్లు. కార్డు లేకుండా బూట్లెక్కడివి? ఎవరు కొనిపెట్టారు, ఏమాశించి?

పిచ్చుక తల్లిని చూసి బయటికి పరిగెత్తుకొచ్చింది.

"ఏంటమ్మా? ఎవరికేమైంది?"

"నీకేమైందో చూద్దామనే వచ్చా."

"నాకేమవుతుంది," అని నవ్వి, ఎదురుగా ఉన్న టీ కొట్టుకు లాక్కెళ్లింది. కౌంటరు మీది చిన్న మిషన్‌కు ఫోన్ ఆనించింది. అది కీచుమంది. పిచ్చుక రెండు కప్పులూ అందుకుని నడిచింది.

తల్లి కదల్లేదు. "డబ్బులివ్వవేంటే?"

"ఇచ్చేశాను."

"ఎప్పుడు?"

"నీ కళ్ల ముందేగా. కార్డు నంబరు ఫోన్లోకి ఎక్కించానమ్మా. పోయినసారి వచ్చినప్పుడు, నువ్వు వంటింట్లో ఉండగా. ఇక కార్డుతో పన్లేదు, ఫోన్ ఆనిస్తే చాలు."

"మళ్లీ కనబడ్డదల్లా కొంటావేమోనే."

"కొనను. ఈ బూట్లు కొనేముందు కూడా నన్ను నేనే అడుక్కున్నా, 'కాళ్లకున్నవేంటి' అని. అచ్చం నీ గొంతే." పిచ్చుక టీ ఊదుకుంది. "అస్తమానం వచ్చి నిన్ను విసిగించే పని కూడా తప్పింది."

ఆవిడ నవ్వింది. సంచిలో ఉన్న చెయ్యి గుడ్డమూటను వదల్లేదు.

"మరి దీన్నేం చెయ్యను?"

"ఉంచుకో. లేదంటే కత్తిరించి పారెయ్."

"ఫోన్లో ఛార్జింగ్ అయిపోతేనో?"

"అప్పుడు నీ దగ్గరికే పరిగెత్తుకొస్తాలే," అంటూ ఖాళీ కప్పు బుట్టలో పడేసి, పిచ్చుక దుకాణంలోకి తుర్రుమంది.

తిరుగు బస్సులో పక్క సీటు ఖాళీ. ఆవిడ సంచిని అందులో కూర్చోబెట్టింది. కిటికీలోంచి చూస్తుండగా ఒక ఆలోచన పిల్లిలా అడుగులు వేసుకుంటూ వచ్చింది. అయిపోనీ. ఒక్కసారి, ఏదో కొట్టు ముందు, ఆ ఛార్జింగ్ అయిపోనీ.

మరుక్షణం ఆవిడ చెంపలేసుకుంది. పిల్ల పుట్టింది మొదలు చెడు జరుగుతుందేమోనని వణికిందే కానీ, జరగాలని కోరుకోవడం ఇదే మొదటిసారి. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. చీకటి రోడ్డు మీద, ఒంటరిగా, ఆడపిల్ల చేతిలో చచ్చిన ఫోన్. వెంటనే ఫోన్ చేసింది.

"అప్పుడే చేరిపోయావా?"

"లేదు. నీ ఫోన్ ఛార్జింగ్ పెట్టుకో."

"సగం పైనే ఉందమ్మా."

"ఉన్నా పెట్టుకో."

"పిచ్చి ముదిరితే రోకలి తలకు చుట్టమన్నాట్ట," అని పిచ్చుక గొణిగింది. ఏదో తీగ లాగిన చప్పుడు. "ఇదిగో, పెట్టాను. నిండుతోంది. చాలా?"

"నిండనీ," అంది ఆవిడ.