పచ్చ చుక్కల ఓటు

మురుగు కాలువకు మూత వేయించాలని జురెమా ఏడేళ్లుగా తిరుగుతోంది. వాన పడిందంటే చాలు, గ్వారిటా కొండ మీది ఇళ్లలోకి ఆ నీళ్లే. ఈసారి నగర బడ్జెట్‌లో బస్తీకి ఒక్క పనే ఇస్తారట, ఏ పనో బస్తీ వాళ్లే తేల్చాలట. అందుకని ఆమె గడపగడపా ఎక్కి అరవై మందిని బడి హాలుకు తోలుకొచ్చింది.

ఇదివరకైతే చేతులెత్తమని లెక్కపెట్టేవాళ్లు. ఈసారి సభ నడిపే పని ఒక స్వచ్ఛంద సంస్థకు అప్పగించారు. ఆ సంస్థ అమ్మాయి క్లారిస్ గోడకు చార్టు తగిలించి, మనిషికో పచ్చ చుక్క స్టిక్కరు పంచింది. చార్టు మీద మూడే బొమ్మలు: గోడ చిత్రాలు, పూలతోట, కంప్యూటర్ గది.

"కాలువేదమ్మా ఇందులో?" అంది జురెమా.

"అది తర్వాత మాట్లాడుకుందాం, దోనా జురెమా. ఇది ఊరికే ఆట," అంది క్లారిస్, పెద్దామెను మర్యాదగా 'దోనా' అని పిలుస్తూ.

ఆటే కదా అనుకుంది. బస్తీకొచ్చిన పిల్లని చిన్నబుచ్చడమెందుకని తనే అందరికీ చెప్పింది: "అంటించండర్రా, మన సొమ్మేం పోయింది!" మాతే ఆకుల తేనీరు నింపిన సొరబుర్రను చేతులు మార్చుకుంటూ, నవ్వుకుంటూ అంటించారు.

చివరి చుక్క పడగానే, అంతదాకా ఓ మూల కూర్చుని చూస్తున్న నగర కార్యాలయం అధికారి లేచాడు. "గోడ చిత్రాలకు ముప్పై నాలుగు! ఇదే బస్తీ నిర్ణయం. చప్పట్లు!"



"చేపల బొమ్మలెయ్యించండి సారూ," అన్నాడు వెనక నుంచి ముసలి ఇల్దో. "వానొస్తే మా వంటింట్లో ఈదుతాయి."

జురెమాకు ఒళ్లు మండిపోయింది. అందరికన్నా ముందు తన మీదే. తన నోటితోనే కదా అంటించమంది!

"ఆటన్నావు కదే?"

క్లారిస్ తల దించుకుంది. "మా ప్రాజెక్టులో ఉన్నవి ఆ మూడే, దోనా జురెమా. నాకు చెప్పింది చేశాను."

జురెమా తెల్ల కాగితం లాక్కుని, 'మురుగు కాలువ' అని పెద్దగా రాసి గోడకు ఆనించింది. తన చుక్కను గోరుతో పీకి దాని మీద నొక్కింది.

"రండి! ఎవరి చుక్క వాళ్లు పీక్కోండి!"

"ఇది పద్ధతి కాదు!" అరిచాడు అధికారి.

"ఆటని చెప్పి ఓటు లాక్కోవడం పద్ధతా? మా కంపు మీ ముక్కుకి తగల్లేదు గానీ, మా పేరు మాత్రం కావాలా?"

జనం తోసుకొచ్చారు. పీకిన చుక్కలకు జిగురు చాలలేదు, ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. జురెమా రెండు అరచేతులూ పరిచి కాగితాన్ని గోడకేసి అదిమింది.

"లెక్కపెట్టి మీ కాగితంలో రాసేదాకా చెయ్యి తియ్యను."

అధికారి కలం మూత తియ్యలేదు. క్లారిస్ ఒక నిమిషం అటూ ఇటూ చూసింది. తర్వాత గోడ దగ్గరికొచ్చి, జారుతున్న చుక్కనొకదాన్ని వేలితో ఆపి, పైకే లెక్కపెట్టడం మొదలెట్టింది: "ఒకటి..."