మామగారి బ్యాటరీ, కోడలి షికారు

వానలు తగ్గేదాకా కారు షెడ్డులోంచి కదలదని మామగారు తీర్మానించారు. రోడ్డు ఆరాక, బండి స్టార్టయితే కొత్త దంపతులిద్దరే సముద్రం చూసి రావచ్చు. లేకపోతే అత్తమామలతో కలిసి నలుగురూ బస్సులో వెళ్లాలి. అలా వెళ్లడం కన్నా ఆ సముద్రంలో దూకడమే నయమనుకుంది కోడలు. మొగుడితో రెండు మాటలు మాట్లాడాలంటే బట్టలు ఆరేసే నెపం తప్ప వేరే దారి లేని ఇల్లది.

చిక్కంతా మామగారి ప్రేమతోనే. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో షెడ్డులోకి వెళ్లి, కారు స్టార్ట్ చేసి, లైట్లు వేసి, రేడియో పెట్టి, గ్లాసు ఖాళీ కాగానే ఆపేసేవారు. బ్యాటరీకి వ్యాయామమట. ఇంజను లేవడానికి ఖర్చయిన కరెంటు ఆ కాసేపట్లో తిరిగి నిండదని, ఇలాగైతే వానలకంటే ముందే బ్యాటరీ వెళ్లిపోతుందని ఆమెకు తెలుసు. కాలేజీలో చదివిన భౌతికశాస్త్రం మొదటిసారి కాపురానికి పనికొచ్చింది. మొగుడితో చెబితే, నాన్నకు నువ్వే చెప్పు అని జారుకున్నాడు. శూరుడు.

మామగారు చుట్టాలింటికి వెళ్లిన రోజు, షెడ్డు తలుపులు గాలికి బార్లా తీసి, ఇద్దరూ కలిసి బ్యాటరీకి చార్జరు తగిలించారు. అది నిండేదాకా కాపలా ఉండాలని చెబితే ఎవరూ అడ్డు చెప్పరని తెలిశాక, వాళ్లకు బ్యాటరీ మీద అపారమైన భక్తి పుట్టింది. నిండాక ఆమె నెగెటివ్ వైరు విప్పి పక్కకు పెట్టింది. ఇక చుక్క కరెంటు కారదు, వ్యాయామమూ సాగదు.

మర్నాడు మామగారు కాఫీ గ్లాసుతో వెళ్లి తాళం తిప్పితే కారు కిమ్మనలేదు. దగ్గరి చుట్టం పోయినట్టు ఇంట్లోకి వచ్చి కూలబడ్డారు. అంతలోనే తేరుకుని, బ్యాటరీ పోయింది కాబట్టి వానలు తగ్గాక వెళ్లడానికి బస్సుకు నాలుగు టికెట్లు ఇప్పుడే తెమ్మని కొడుకును పురమాయించారు. శూరుడు చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"బ్యాటరీ పోలేదు మామయ్యగారూ. వైరు నేనే పీకాను."

"ఎందుకమ్మా?"

"మీ వ్యాయామానికి అది చచ్చేలా ఉంది. అది చస్తే మాకు షికారు లేదు."

వంటింట్లో అత్తగారికి పొలమారింది. మామగారు మూతి ముడుచుకుని షెడ్డుకు నడిచారు. ఆమె వైరు బిగించింది. మామగారు కారెక్కి తాళం తిప్పీ తిప్పగానే ఇంజను అందుకుంది. ఆయన అలక మరిచిపోయి, ఇంత బలమైన బ్యాటరీ ఉండగా బస్సెందుకు, నలుగురం ఇందులోనే పోదామన్నారు. కోడలి మొహం వాడిపోయింది.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు.

"దిగండి. మన పెళ్లైన కొత్తలో మీ అమ్మగారు మనిద్దరి మధ్యా కూర్చుని సముద్రానికి వచ్చారు. ఆవిడ చూశారు. నేనింకా చూడలేదు."

మామగారు దిగారు. కాసేపు బుర్ర గోక్కుని, బస్సుకు తమ ఇద్దరి టికెట్లు చాలని కొడుక్కి చెప్పారు.

"వీళ్లు వెళ్లే ఒడ్డుకు మాత్రం వద్దు," అన్నారు అత్తగారు.